అడుగు సొట్ట

బోల్గటాంగాలో మూడు రోజులకొక సంత.
ఆ రోజు నేను ధరలడిగే మనిషిని.
కొనను, బేరమాడను.
"ఎంత?" అంటాను, ఎక్కించుకుంటాను,
పక్క బల్లకి నడుస్తాను.
పదకొండేళ్లుగా ఇదే నా జీతం.
నన్ను చూడగానే కొందరు ధర పెంచుతారు,
పన్నుల మనిషిననుకుని కొందరు తగ్గిస్తారు.
ఆ రెంటి మధ్య ఎక్కడో
నిజం కూర్చుని ఉంటుంది, ఈగల్ని తోలుకుంటూ.

నలభై ఏడో అంశం: టమాటా గుజ్జు,
డెబ్బై గ్రాముల డబ్బా, దిగుమతి.
ఏ దేశానిదో రాయడానికి గడి లేదు.

శిక్షణకని అక్రా పిలిచినప్పుడు
చల్లటి గదిలో ఒక ప్రొఫెసరు
బోర్డు మీద రెండు గీతలు గీశాడు,
ఒకటి దిగుతూ, ఒకటి ఎక్కుతూ.
ధర కిందికి జారిన చోట
ఒక త్రిభుజం మిగిలింది.
"దేశానికి లాభం ఇదీ" అని దాన్ని ఎర్రరంగుతో నింపాడు.
సగం భూమి ఇంటూ ఎత్తు,
బడిలో వల్లించిందే.

నాకా త్రిభుజం నచ్చింది, అబద్ధమాడను.
మా అమ్మ అందులోనే ఉంది.
బస్టాండు దగ్గర బొబ్బర్లన్నం అమ్మే మా అమ్మ
టమాటా దొరకని నెలల్లోనూ
అన్నం మీద ఎర్రటి పులుసు పొయ్యగలిగింది
ఆ చిన్న డబ్బాల వల్లే.
రోజుకి మిగిలింది రెండు సెడీలు.
వాటిలోంచే నా బడి జోళ్లు,
తమ్ముడి మలేరియా మాత్రలు.
ఆ మాత్రలూ ఓడ దిగినవే.

అకోల్గోకి ఉన్న భూమి గీత కాదు.
వెయా కాలవ కింద మూడెకరాల మట్టి.
ఫిబ్రవరిలో బుట్టలన్నీ రోడ్డు వారకి చేర్చి
దక్షిణం నించి రావలసిన లారీ కోసం
నాలుగు రోజులు కూర్చున్నాడు.
లారీ వచ్చింది, ఆగలేదు,
సరిహద్దు దాటి బుర్కినా పొలాలకి పోయింది.
ఐదో రోజుకి బుట్టల అడుగు నించి నీరు కారింది.
మేకలొచ్చాయి.

"బుట్ట ఎంత?" అన్నాను, అడగాలి గనక.
"మేకల్ని అడుగు" అన్నాడు.
ధర గడిలో సున్నా వేస్తే టాబ్లెట్ ఒప్పుకోదు.
"సరుకు లేదు" అని నొక్కాను.
సరుకు నా చెప్పులకి అంటుకుని ఇంటిదాకా వచ్చింది.

వాన ఊరంతటికీ కురుస్తుంది,
పిడుగు ఒక్క కప్పు మీదే పడుతుంది.
సగటు తీస్తే
ఆ రోజు వాతావరణం బాగున్నట్టే కదా సార్,
అని ప్రొఫెసర్ని అడగాల్సింది.
కానీ ఆ శిక్షణ నాటికి నాకీ ప్రశ్న లేదు,
పైగా భోజనాల వేళైంది.
కోడికూర. కోడి బ్రెజిల్ నించి గడ్డకట్టి వచ్చింది.
బాగుంది. మారు వడ్డించుకున్నాను.

ఇప్పుడు అకోల్గో వేరుశెనగ వేస్తున్నాడు.
భార్య అటిపోకా సంతలో అమ్ముతుంది,
ఖాళీ అయిన గుజ్జు డబ్బాతో కొలిచి.
పెద్ద డబ్బా, హోటళ్లవాళ్లు కొనేది,
దాని మీద ఇంకా ఒక టమాటా నిగనిగలాడుతోంది,
కింద ఈ సంతలో ఎవరికీ చదవడం రాని లిపి.
శెనగలు, జొన్నలు, బొబ్బర్లు,
ఇక్కడి గింజ ఏదైనా
ఆ డబ్బాలో దిగి లేస్తేనే లెక్క.
మా అమ్మమ్మ నాటి సొరబుర్ర కొలత
ఏ ఇంట్లో ఉందో తెలీదు.

నేను డబ్బా తిరగేసి చూశాను.
అడుగు లోపలికి సొట్టపోయి ఉంది,
పడేసి కాదు,
సుత్తితో, ఓపిగ్గా, గుండ్రంగా,
గుప్పెడు గింజలు పట్టనంత.
"ఇదేంటి, అటిపోకా?"
ఆమె డబ్బా లాక్కుని
గింజలు గోపురంలా పోసి
అరచేత్తో తల కోసింది.
"నా వాటా" అంది.

"డబ్బా ఎంత?"
"ముప్పై నాలుగు."
ఎక్కించుకున్నాను. ముప్పై నాలుగు.

లేస్తుంటే పిలిచి, నా చెయ్యి తెరిచి
కొన్ని గింజలు పోసింది, ఊరికే, కొసరు.
కొన్నవాళ్లకి కదా కొసరు, నేనేం కొన్నాను?
దానికి నా దగ్గర గడి లేదు.
పక్క బల్లకి నడుస్తూ తిన్నాను.
ఒకటి పుచ్చుది.